విద్యార్థులకు ఏడు రోజుల రెసిడెన్షియల్ స్టార్టప్ క్యాంపు: హాస్టల్‌లో ఎందుకు ఉంచుతున్నామో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: భీమవరం దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ, ఈ-సెల్ (విద్యార్థుల వ్యాపార ప్రోత్సాహక విభాగం) బాధ్యత మీది. వేసవి సెలవుల్లో 36 మందితో ఏడు రోజుల రెసిడెన్షియల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ క్యాంపు పెట్టాలి. హాస్టల్ కాలేజీదే, చేతిలో 5 లక్షలు ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు చివరి రోజు డెమో డే (టీములు తాము చేసింది చూపించే సభ), ముఖ్య అతిథి కావాలంటున్నారు. షెడ్యూల్ పెట్టి, ఇంకేం కలపాలని అడిగారు.

కలపాల్సిందేమీ లేదండి, తీసేయాల్సిందే చాలా ఉంది. మీ షెడ్యూల్లో రోజూ ఉదయం 9.30 నుంచి సాయంత్రం 5 దాకా ఉపన్యాసాలు, తర్వాత 'టీమ్ వర్క్', భోజనం, నిద్ర. ఈ ఉపన్యాసాలు ఇంటి నుంచి వచ్చి వెళ్లే పిల్లలకైనా చెప్పొచ్చు. అలాంటప్పుడు 36 మందికి మంచాలు, మెస్, వార్డెన్ ఎందుకు? పిల్లల్ని రాత్రిళ్లు క్యాంపస్‌లో ఉంచితే మీకు అదనంగా దొరికేవి రెండే: తెల్లవారుజాము, రాత్రి 8 తర్వాతి గంటలు. ఆ రెండింటినీ వాడుకోని క్యాంపు హాస్టల్ బిల్లుతో కూడిన సెమినార్ అవుతుంది.

మీది రొయ్యల చెరువుల ప్రాంతం కాబట్టి ఈ లెక్క ఇంకా బాగా వర్తిస్తుంది. రొయ్యల రైతు పని గడియారం కాలేజీ గడియారం కాదు. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీటిలోని పాచి ఆక్సిజన్ తయారు చేయదు. రొయ్యలు, ఆ పాచి, అడుగున కుళ్లే మేత మాత్రం పీలుస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారే ముందు, 3 నుంచి 5 మధ్య, చెరువులో కరిగిన ఆక్సిజన్ అట్టడుగుకి వస్తుంది. రైతుకి భయం ఉండేది ఆ గంటల్లోనే. కరెంటు పోతే జనరేటర్ ఎక్కిందా లేదా, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయా లేదా అని చూసుకునేదీ అప్పుడే. పగలు 11 గంటలకు వెళ్లి "మీ సమస్యలేంటండీ" అని అడిగితే "ఏముంది బాబూ, రేటు లేదు" అంటాడు. ఉదయం నాలుగున్నరకి గట్టు మీద పక్కన నిలబడితే, సమస్యేమిటో అడగకుండానే కనబడుతుంది. అన్నట్టు మే నెలలో మీ దగ్గర పగలు పిల్లల్ని ఎండలో తిప్పడం ఎలాగూ కుదరదు. వడగాడ్పుల్లో ఫీల్డ్ పని ఉదయం 9.30కి ఆపాలి, మళ్లీ సాయంత్రం 5 తర్వాతే.

ఈ తరహా కార్యక్రమాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఏడాది పొడవునా కలిసి ఉండేది. అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం 2000లో మొదలుపెట్టిన హిన్‌మన్ సీఈవోస్, కెనడాలో వాటర్‌లూ విశ్వవిద్యాలయం 2008లో ఒక హాస్టల్ భవనంలోనే మొదలుపెట్టిన వెలాసిటీ, యూటా విశ్వవిద్యాలయంలో 2016లో తెరిచిన లాసాండ్ స్టూడియోస్ ఆ కోవవి. లాసాండ్‌లో 400 మంది పైఅంతస్తుల్లో ఉంటారు, కింది అంతస్తులో వర్క్‌షాపు. అక్కడ తరగతి కంటే పక్క గదిలో ఉన్నవాడు ఎక్కువ నేర్పుతాడు. రెండోది కొద్ది రోజులు ఒత్తిడిగా నడిచేది. మన దేశంలో జాగృతి యాత్ర దీనికి మంచి ఉదాహరణ: సుమారు 500 మంది, ప్రత్యేక రైలు, 15 రోజులు, 8,000 కిలోమీటర్లు. బెర్తులే హాస్టల్, కంపార్ట్‌మెంటే చర్చావేదిక. మీది రెండో జాతి. మొదటి జాతి క్యాంపులు నెలల తరబడి స్నేహాల మీద నడుస్తాయి. ఆ ఫలితం ఏడు రోజుల్లో ఆశించకండి. ఏడు రోజుల్లో సాధించగలిగింది ఒకటే, ఒక్కో టీము తను అనుకున్నది తప్పో ఒప్పో 30 మంది కస్టమర్ల దగ్గర తేల్చుకుని రావడం.

ఆ 30 ఎలా వచ్చిందంటే, అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ ఒక్కో టీమును ఏడు వారాల్లో 100 మందిని కలవమంటుంది. మన లెక్క: టీముకి నలుగురు, అంటే రెండు జంటలు. ఒకరు అడుగుతారు, ఒకరు రాస్తారు. ఒక్కో జంట పొద్దున్న ముగ్గురిని, సాయంత్రం ఇద్దరిని కలిస్తే టీముకి రోజుకి పది, మూడు ఫీల్డ్ రోజులకి ముప్పై. నలుగురూ కలిసి ఒక్క రైతు చుట్టూ మూగితే ఆయన మాట్లాడడు, లెక్క కూడా సగానికి పడుతుంది.

ఎంపిక గురించి. మార్కులు చూడకండి, ఐడియా కూడా అడగకండి. క్యాంపుకి మూడు వారాల ముందు ఒక చిన్న పని ఇవ్వండి: "గత నెలలో ఏదో ఒక కారణంగా డబ్బు నష్టపోయిన ఐదుగురితో మాట్లాడి, ఒక్కొక్కరి గురించి ఐదు వాక్యాలు తెలుగులోనైనా రాసి పంపండి." సగం మంది ఇక్కడే ఆగిపోతారు, మంచిదే. పంపినవాళ్లలో ఎవరు అంకెలు రాశారో చూడండి. "చాలా నష్టం వచ్చింది" అని రాసినవాడి కంటే "ఐస్ అందక 40 కేజీలు మెత్తబడ్డాయి, కేజీకి 60 తగ్గించి అమ్మాడు" అని రాసినవాడు పనికొస్తాడు. రెండు, మూడో సంవత్సరం వాళ్లని తీసుకోండి. ఆఖరి సంవత్సరం వాళ్ల మనసు ప్లేస్‌మెంట్ల మీద ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు 14 మందికి మించకూడదు, లేకపోతే తొమ్మిది టీములూ తొమ్మిది యాప్‌లు చేస్తాయి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ కామర్స్ విద్యార్థులు, ఫిషరీస్ పాలిటెక్నిక్ విద్యార్థులు కలిపి పది మందైనా ఉండాలి. వేరే కాలేజీ పిల్లలు మీ హాస్టల్లో ఉండాలంటే రెండు కాలేజీల నుంచీ లేఖలు కావాలి. వార్డెన్ ఆఖరి రోజున ఆపేస్తాడు, ముందే చూసుకోండి.

తేదీలు సెలవుల్లోనే పెట్టండి. సెమిస్టర్ మధ్యలో పెడితే 75 శాతం హాజరు నిబంధన దగ్గర పిల్లలు ఇరుక్కుంటారు. ఆన్-డ్యూటీ (వచ్చినట్టే హాజరు) ఇస్తామని నోటితో చెప్పిన హామీ పరీక్ష ఫీజు కట్టే రోజున ఎవరికీ గుర్తుండదు.

టీములు మొదటి రాత్రే ప్రకటించండి, మీరే కట్టండి. వాళ్లకి వదిలేస్తే బెంచీ స్నేహితులు ఒక టీమవుతారు, తర్వాత ఒకడి ఐడియాని మరొకడు కాదనడు. అలాగే మొదటి రాత్రి ఐడియా పిచ్‌లు వద్దే వద్దు. రాత్రి 9కి వేదికెక్కి పదిమంది ముందు చెప్పేసిన ఐడియాని ఏ కుర్రాడూ మర్నాడు వదులుకోడు, పరువు అడ్డొస్తుంది. ఐడియా బదులు ఒక్కో టీముకి ఒక్కో రంగం పంచండి: ఐస్ సరఫరా, రాత్రి కరెంటు, నీటి పరీక్షల ల్యాబులు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజు కూలీలు, మేత అప్పు. ఇవి ఐదు టీములకి. మిగతా నాలుగింటికి ఆక్వాతో సంబంధం లేనివి: రైస్ మిల్లు, పెళ్లి క్యాటరింగ్, హాస్టల్ బట్టల ఇస్త్రీ, చిన్న టిఫిన్ సెంటర్లు. అన్ని టీములనీ చెరువుల మీదకి తోలితే ఒకే పది మంది రైతుల్ని తొమ్మిది టీములు విసిగిస్తాయి. మూడో రోజుకి గేటు తీయరు.

గేటు అన్నాను కాబట్టి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి అదే చెప్పులతో, అదే తడి బట్టలతో వెళ్లడం రైతుకి ప్రాణాంతకమైన విషయం. వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ తెగులు) లాంటివి నీటితో, బురదతో, మనుషులతో, పనిముట్లతో పాకుతాయి. కాబట్టి ఒక జంట ఒక పూట ఒక రైతు చెరువుకే వెళ్లాలి, గట్టు దిగకూడదు, నీళ్లలో చెయ్యి పెట్టకూడదు, గేటు దగ్గర పర్మాంగనేట్ నీళ్ల తొట్టి ఉంటే అందులో కాళ్లు ముంచి వెళ్లాలి. మిగతా ఇంటర్వ్యూలు టీ కొట్టు దగ్గర, మేత షాపు దగ్గర, ల్యాబ్ వరండాలో చేయాలి. రైతులతో వారం ముందే మీరు స్వయంగా మాట్లాడి 25 మంది జాబితా సిద్ధం చేసుకోండి. పిల్లలే వెతుక్కుంటారులే అని వదిలితే మొదటి ఫీల్డ్ రోజు మొత్తం వెతుకులాటకే పోతుంది.

ఇక అడిగే పద్ధతి. ఒక పూట శిక్షణ దీనికే ఇవ్వండి, మిగతా ఉపన్యాసాలన్నీ కోసేసినా పర్వాలేదు. మన ఊళ్లలో చదువుకునే పిల్లలు వచ్చి "ఇలాంటి యాప్ చేస్తే వాడతారా అండీ?" అంటే నూటికి తొంభై మంది "బాగుంది బాబూ, చేయండి" అంటారు. అది మర్యాదే గానీ సమాధానం కాదు. "చూద్దాంలే" అంటే వద్దని అర్థం. "మా తమ్ముడితో మాట్లాడండి" అన్నా వద్దనే. వీటిని పిల్లలు 'సానుకూల స్పందన' అని రాసుకొస్తారు. అందుకే జరగబోయేదాని గురించి అడగకూడదని నియమం పెట్టండి. జరిగిపోయినదాని గురించే అడగాలి: పోయినసారి ఇలా ఎప్పుడైంది? ఆ రోజు ఏం చేశారు? ఎంత పోయింది? ఎవరికి ఫోన్ చేశారు? ఆ తర్వాత మళ్లీ కాకుండా ఏమైనా కొన్నారా? ఈ చివరి ప్రశ్నే ముఖ్యం. నష్టమైనా ఇంతవరకు రూపాయి ఖర్చు పెట్టలేదంటే ఆ సమస్య ఆయనకి అంత పెద్దది కాదు, లేదా దానికి ఆయన దగ్గర ఇంకో దారి ఉంది.

ఆ 'ఇంకో దారి' ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. ప్రతి క్యాంపులోనూ ఒక టీము 'రైతుకి నేరుగా మేత అమ్మే యాప్' అంటుంది, డీలర్ మధ్యవర్తిత్వం తీసేస్తే బస్తా మీద ఇంత మిగులుతుందని లెక్క చూపిస్తుంది. గట్టు మీద రెండు రోజులు గడిపితే తెలిసేది ఏంటంటే, డీలర్ మేతతో పాటు అప్పు కూడా ఇస్తాడు. పంట వందా నూట ఇరవై రోజులు. అంతవరకు మేత ఖాతా మీద నడుస్తుంది, పట్టుబడయ్యాక తీరుతుంది. యాప్ తక్కువ రేటుకి నగదు అడుగుతుంది, డీలర్ ఎక్కువ రేటుకి నాలుగు నెలలు ఆగుతాడు. రైతు ఎవరి దగ్గరికి వెళ్తాడో చెప్పక్కర్లేదు. ఈ మాట మెంటర్ మొదటి రోజే చెప్పేస్తే పిల్లలు తలూపి మర్చిపోతారు. ఆరుగురు రైతులు ఆరు రకాలుగా చెబితే అదే మాట వాళ్ల సొంతమవుతుంది. మెంటర్లకి నోరు కట్టుకోమని చెప్పడం ఈ మొత్తం ఏర్పాట్లలో కష్టమైన పని.

అలాగే ఆక్సిజన్ సెన్సార్. ఎలక్ట్రానిక్స్ పిల్లలు దీన్ని వదలరు. సెన్సార్ కొనడం, ఫోన్‌కి సందేశం పంపడం రెండు రోజుల పనే. కానీ చెరువు నీళ్లలో పెట్టిన ప్రోబ్ మీద కొద్ది రోజుల్లోనే పాచి, జిగురు పేరుకుంటుంది, అంకె తప్పు చూపిస్తుంది. దాన్ని తరచూ కడగాలి, క్రమం తప్పకుండా సరిచూడాలి. ఆ పని ఎవరు చేస్తారు, నెలకి ఎంత తీసుకుంటారు అన్నదే వ్యాపారం. సెన్సార్ కాదు. ఈ ప్రశ్న ఐదో రోజు వరకు రాకపోతే ఆ టీము ఇంకా ప్రాజెక్టే చేస్తోందన్నమాట.

రోజువారీ క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి రోజు ఉదయం అడిగే పద్ధతి, మధ్యాహ్నం ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకునే సాధన, సాయంత్రం క్యాంపస్ బయటి టీ కొట్ల దగ్గర మొదటి ప్రయత్నం. రెండు, మూడు, నాలుగు ఫీల్డ్ రోజులు: 3.45కి లేపడం, 4.15కి బస్సు, 9.30కి వెనక్కి, టిఫిను, 10.30 నుంచి 12.30 దాకా రాతపని, భోజనం, 3.30 వరకు తప్పనిసరి నిద్ర, 4.45కి మళ్లీ బస్సు, 7.30కి భోజనం, 8 నుంచి 9.30 దాకా గోడ దగ్గర సమీక్ష, 9.45కి దీపాలార్పడం. రాత్రి నిద్ర ఆరు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. ఈ నిద్రని ఎవరైనా ఖాళీ సమయం అనుకుని అక్కడ గెస్ట్ లెక్చర్ ఇరికిస్తే ఒప్పుకోకండి. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సాఫ్ట్‌వేర్ పోటీ 36 గంటలు, స్టార్టప్ వీకెండ్ అనే వారాంతపు పోటీ 54 గంటలు. అంతవరకు కుర్రతనంతో మేలుకుని నెట్టుకురావచ్చు. ఏడు రోజులకి అది పనికిరాదు. నిద్ర లేని టీములో మూడో రాత్రి గొడవ గ్యారంటీ, సాధారణంగా పని ఎక్కువ చేస్తున్నవాడికీ ఎక్కువ మాట్లాడేవాడికీ మధ్య.

రాత్రి సమీక్షకి ప్రొజెక్టర్ వద్దు. ఒక్కో టీముకి గోడ మీద చార్టు, మూడు నిలువు గళ్లు: మనం అనుకున్నది, వాళ్లు అన్నది, వాళ్లు చేసింది. మూడో గడిలో రాయడానికి ఏమీ లేకపోతే ఆ ఇంటర్వ్యూ లెక్కలోకి రాదు. చార్టు మీద రైతు పేరు, ఫోన్ నంబరు రాయొద్దు, ఒక సంఖ్య చాలు. అసలు వివరాలు మీ దగ్గర పుస్తకంలో ఉండాలి. మెంటర్ ప్రతి టీము ఇంటర్వ్యూ చేసినవాళ్లలో రోజుకి ఇద్దరిని ఎంచి, ముందే అనుమతి తీసుకున్నవాళ్లకే, ఫోన్ చేసి "పిల్లలు వచ్చారా, ఏమడిగారు" అని కనుక్కోవాలి. అపనమ్మకం అనుకోకండి. ఇప్పుడు ఏఐ టూల్స్‌తో పది కల్పిత ఇంటర్వ్యూలు పది నిమిషాల్లో తయారవుతాయి, అవి నిజమైనవాటి కంటే చక్కగా కూడా ఉంటాయి. అదే కారణం చేత అందమైన యాప్ తెరలకీ, స్లైడ్లకీ మార్కులు ఇవ్వడం మానేయండి.

నాలుగో రాత్రి నిర్ణయం: ఉంచాలా, మార్చాలా, వదలాలా. వదిలిన టీముకి అందరి ముందు చప్పట్లు కొట్టించండి, లేకపోతే ఎవరూ వదలరు. వదిలినవాళ్లు ఇంకో టీములో కలవొచ్చు. ఐదుగురి టీము వచ్చినా నష్టం లేదు.

ఐదు, ఆరు రోజులు అమ్మకం. వస్తువు తయారై ఉండనక్కర్లేదు, సేవ చేత్తో చేసి చూపిస్తే చాలు. హాస్టల్ బట్టల టీముకి యాప్ ఎందుకు, వాట్సాప్ గ్రూపు, ఒక నోటు పుస్తకం, గుర్తు రాసిన సంచులు సరిపోతాయి. డబ్బు అడగడం తప్పనిసరి, 50 రూపాయలైనా సరే. "తప్పకుండా కొంటాం" అన్నవాళ్లలో 50 ఇచ్చేది ఎందరో చూస్తే పిల్లల ముఖాలు మారిపోతాయి. అడ్వాన్సు తీసుకున్నప్పుడు రసీదు రాయాలి, ఎప్పటికి ఇస్తారో రాయాలి, ఇవ్వలేకపోతే ఏడో రోజు సాయంత్రంలోగా తిరిగివ్వాలి. ఆ పుస్తకం మీరు రోజూ చూడాలి. తినే వస్తువు అమ్మే టీముంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న వంటవాళ్లతోనే చేయించండి, హాస్టల్ గదిలో వండి బయట అమ్మనివ్వకండి. హార్డ్‌వేర్ టీములకి ఒక హెచ్చరిక: కాలేజీలో ఒక్క త్రీడీ ప్రింటర్ ఉంటే అది క్యాంపులో పనికిరాదనే అనుకోండి. పిడికిలంత పెట్టె తీయడానికి గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి రావచ్చు. అట్టముక్కలు, థర్మోకోల్, పైపులతో నమూనా చేసి, రైతుకి చూపించి, తర్వాత కావాలంటే హైదరాబాదులో టీ-వర్క్స్ (నమూనాలు తయారు చేసే కేంద్రం) లాంటి చోట సరిగ్గా చేయించుకోవచ్చు.

ఆరో రోజు మధ్యాహ్నం ఒక్కో ఆర్డరు లెక్క. ఇస్త్రీ టీముతోనే చూపిస్తాను, అంకెలు మీ ఊరివి వేసుకోండి. ఒక ఆర్డరు పది బట్టలు, బట్టకి 12 చొప్పున 120 రూపాయలు. ఇస్త్రీ చేసేవాళ్లకి బట్టకి 9, అంటే 90. మిగిలేది 30. తీసుకెళ్లడానికి ఒక ట్రిప్పు, తెచ్చివ్వడానికి ఒక ట్రిప్పు, ట్రిప్పుకి 20 చొప్పున 40. ఆర్డరుకి పది రూపాయలు నష్టం. ఆర్డర్లు పెరిగితే లాభం వస్తుందని పిల్లలు వాదిస్తారు. ఇలాగే నడిపితే పెరిగేది నష్టమే. అదే హాస్టల్లో 15 మంది సంచులు ఒకేసారి ఆటోలో వేస్తే, రానూపోనూ 120 అయినా, ఆర్డరుకి 8. ఇప్పుడు మిగిలేది 22. అంటే వాళ్ల వ్యాపారం ఇస్త్రీ కాదు, ఒకే పూట ఒకే చోట 15 సంచులు పోగేయడం. ఈ లెక్క తెల్ల కాగితం మీద చేయించండి. ఎక్సెల్ ఇస్తే ఐదేళ్ల అంచనాలు, కోట్ల టర్నోవరు వచ్చేస్తాయి.

మెంటర్లు: ఏడు రోజులూ క్యాంపస్‌లోనే ఉండేవాళ్లు నలుగురు చాలు, ఒక్కొక్కరికి రెండు టీములు, ఒకరికి మూడు. రోజుకొకరు వచ్చి గంట మాట్లాడి వెళ్లే పది మంది పెద్దల వల్ల ఉపయోగం కంటే నష్టం ఎక్కువ. ఒకరు ధర పెంచమంటారు, ఇంకొకరు ఉచితంగా ఇవ్వమంటారు, పిల్లలు ఎవరు పెద్దవారో చూసి వాళ్ల మాట వింటారు. వచ్చిన సలహాలన్నీ ఒకే కాగితం మీద, ఎవరు చెప్పారో సహా రాసి పెట్టుకుని, రాత్రి తమ సాక్ష్యంతో సరిచూసుకోవాలి. నలుగురిలో ఒకరైనా సొంత డబ్బుతో చిన్న వ్యాపారం నడిపినవాళ్లు ఉండాలి, ఐస్ ఫ్యాక్టరీ యజమాని అయినా సరే. ఫ్రాంచైజీలు, కోర్సులు అమ్ముకునే 'ప్రేరణ వక్తలు' ఉచితంగా వస్తామంటారు, జాగ్రత్త. హైదరాబాదులోని స్టార్టప్ కేంద్రం టీ-హబ్ చూపించడానికి బస్సు వేయాలని మీ షెడ్యూల్లో ఉంది. భీమవరం నుంచి హైదరాబాదు రాయదుర్గం వెళ్లి రావడానికి ఒకటిన్నర రోజు పోతుంది, మిగిలేది మెట్ల మీద గ్రూప్ ఫొటో. తీసేయండి. క్యాంపు తర్వాత నిలబడ్డ టీములు పనిమీద వెళ్తే వేరే సంగతి.

అమ్మాయిల విషయం స్పష్టంగా రాసుకోండి. చాలా చోట్ల జరిగేదేమిటంటే, తెల్లవారుజాము ఫీల్డ్‌కి అబ్బాయిలు వెళ్తారు, అమ్మాయిలు క్యాంపస్‌లో పీపీటీ చేస్తారు. అలా అయితే సగం మందికి క్యాంపు జరగనట్టే. తల్లిదండ్రులకి పంపే అనుమతి పత్రంలో 'ఫీల్డ్ విజిట్' అని పొడిగా కాకుండా, "ఉదయం 4.15కి కాలేజీ బస్సులో, మహిళా అధ్యాపకురాలి వెంట, ఫలానా గ్రామాలకు" అని రాయండి, ఆ మేడం ఫోన్ నంబరుతో సహా. ఇంత వివరం చూస్తే ఒప్పుకునే ఇళ్లు ఎక్కువ, అస్పష్టంగా ఉంటే ఎవరూ ఒప్పుకోరు. ఇద్దరు మహిళా సిబ్బంది రాత్రి హాస్టల్లోనే ఉండాలి. బస్సు ఫీల్డ్ వదిలి రాకూడదు, పిల్లలు ఉన్నంతసేపూ అక్కడే.

5 లక్షలు ఎలా సరిపోతాయో చూద్దాం, ఇవి నా అంచనాలు, మీ కొటేషన్లతో మార్చుకోండి. పిల్లలు, సిబ్బంది కలిపి 44 మంది, రోజుకి తలకి 350 భోజనం, ఏడు రోజులకి 1,07,800. రెండు మినీ బస్సులు నాలుగు రోజులు, రోజుకి ఒక్కోటి 8,000 చొప్పున 64,000. టీముకి 5,000 ప్రయోగాల డబ్బు, 45,000. నలుగురు మెంటర్లు రోజుకి 3,500 చొప్పున 98,000. బయటి అతిథుల ప్రయాణాలు 25,000. కాగితాలు, చార్టులు 15,000. మందులు, ఓఆర్‌ఎస్, ప్రమాద బీమా 10,000. జనరేటర్ డీజిల్, అదనపు ఇంటర్నెట్ 15,000. మొత్తం 3,79,800. మిగిలిన 1,20,200లో లక్ష రూపాయలు క్యాంపు తర్వాత పన్నెండు వారాలకి విడిగా తీసిపెట్టండి, మిగతాది అనుకోని ఖర్చులకి. షీల్డులు, టీషర్టులు, ఫ్లెక్సీలు ఈ లక్షని తినేయడమే ఆనవాయితీ, కాబట్టి ముందే వేరే ఖాతాలో వేయించండి. ప్రయోగాల డబ్బు పిల్లల చేతికి మొదటే ఇవ్వాలి, తర్వాత బిల్లులు తెమ్మనాలి. ఖర్చు పెట్టాక ఇస్తామంటే జేబులో డబ్బున్న పిల్లలే ప్రయోగాలు చేస్తారు.

ఆ పన్నెండు వారాలు లేకపోతే క్యాంపు వేడి పది రోజుల్లో చల్లారుతుంది. వారానికి ఒక గంట, అదే రోజు, అదే మెంటర్, ఒకటే ప్రశ్న: ఈ వారం ఎవరు డబ్బిచ్చారు? తొమ్మిదింటిలో రెండు మూడు టీములు పన్నెండో వారానికి మిగిలితే బాగా జరిగిందనే అనుకోండి. అప్పటిదాకా కంపెనీ రిజిస్ట్రేషన్ చేయించకండి. ఎన్ని స్టార్టప్‌లు పుట్టాయని పైవాళ్లు అడుగుతారని తొందరపడి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టిస్తే, అమ్మకం సున్నా అయినా ఏటా ఆడిట్, రిటర్నులు తప్పవు. వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు పడుతూనే ఉంటాయి. ఇరవై ఏళ్ల డైరెక్టర్లకి ఆ సంగతి రెండేళ్ల తర్వాత తెలుస్తుంది.

మేధోహక్కుల సంగతి మొదటి రోజే ఒక పేజీ రాసి సంతకాలు తీసుకోండి. కేంద్ర విద్యాశాఖ (అప్పటి మానవ వనరుల అభివృద్ధి శాఖ) 2019లో తెచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం ప్రకారం, కాలేజీ సౌకర్యాలు, నిధులు గణనీయంగా వాడితే హక్కు విద్యార్థులదీ కాలేజీదీ ఉమ్మడిగా ఉంటుంది. వాడకపోతే తయారు చేసినవాళ్లదే. కాలేజీ తన సేవలకి బదులుగా 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. ఏడు రోజుల క్యాంపులో చార్టు పేపర్లు ఇచ్చినందుకు వాటా అడగడం మాత్రం అన్యాయం. ఏమీ అడగమని రాసిచ్చేయండి, మంచి విద్యార్థులు వచ్చే ఏడాది ధైర్యంగా వస్తారు.

చివరగా డెమో డే, ప్రిన్సిపాల్ గారి కోరిక. ప్రారంభోత్సవం పెట్టకండి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఆలస్యంగా వచ్చే అతిథి కలిసి మొదటి పూటని మింగేస్తాయి, ఆ పూటే అడిగే పద్ధతి నేర్పాల్సింది. ఆ సభంతా ఏడో రోజుకి జరపండి. ముఖ్య అతిథి వస్తే రానివ్వండి. మొదటి వరసలో మాత్రం ఇంటర్వ్యూలు ఇచ్చిన రైతులు, మిల్లు వాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు కూర్చోవాలి. ఒక్కో టీముకి ఆరు నిమిషాలు, తెలుగులో: ఏమనుకున్నాం, ఏం తెలిసింది, ఎంత అమ్మాం. ప్రశ్నలు ముందు ఆ మొదటి వరసవాళ్లు అడగాలి, తర్వాతే వేదిక మీది వాళ్లు. ఉదయం 8.30కి మొదలుపెట్టి 10.30కల్లా ముగించండి, అతిథి వచ్చినా రాకపోయినా. ఆ తర్వాత మేత వేళకి రైతులు చెరువు దగ్గర ఉండాలి.